ఖర్చు పెరగకుండా ఒళ్ళు తగ్గించుకోవడం



వ్యవసాయశాఖ మనిషి యూరియా గురించో, ఉల్లికోడు గురించో చెప్పకుండా ఒళ్ళు తగ్గించుకోమని చెప్పడమేమిటి అని మీకు అనిపించవచ్చు. నిరుడు సార్వా నాట్లయిన తర్వాత నాకొక సంగతి ఎదురయింది. అది విన్నాక, యిది వ్యవసాయం మాట అవునో కాదో మీరే చెప్పండి.

మా కె.గంగవరం మండలంలో ఒక కౌలురైతు వున్నాడు. పేరెందుకు లెండి. 3 ఎకరాలు చేస్తాడు. వయసు 40 దాటింది, బరువు 86 కిలోలు. మోకాళ్ళ నొప్పితో గట్టు దిగలేకపోతున్నాడు. కనీసం 8 కిలోలు తగ్గమన్నారు డాక్టరుగారు. ఎవరో చెప్పగా యితడు పట్నం నుంచి ఒళ్ళు తగ్గే పొడి తెప్పించాడు. డబ్బా 2 వేల పైచిలుకు. రెండు డబ్బాలయ్యేసరికి ఎరువుకు దాచిన డబ్బు కాస్తా ఖర్చయింది. పైపాటుగా యూరియా వేయవలసిన రోజున నా దగ్గరకు వచ్చి, "ఎరువు అప్పుగా ఎవరన్నా యిప్పిస్తారాండీ?" అని అడిగాడు. పొడి మానగానే, తగ్గిన 3 కిలోలూ తిరిగి వచ్చాయట.

అతడేమీ తిండిపోతు కాడు. తండ్రి తిన్నంతే తింటున్నాడు. చిక్కంతా అక్కడే వుంది. ఆ తండ్రి ఎడ్లతో దమ్ము చేశాడు, పనలు మోశాడు, కోటిపల్లి రేవుకు నడిచే వెళ్ళేవాడు. కొడుక్కి దమ్ము ట్రాక్టరు చేస్తున్నది, కోత మిషను కోస్తున్నది, రేవుకు మోటారు సైకిలు వుంది. కంచంలో అన్నం కుప్ప మాత్రం మారలేదు.

ఆ యింట్లో బియ్యం కొలిపించి చూశాను. అతడి వాటా రోజుకు 600 గ్రాములు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కాలరీలు వుంటాయి. కాలరీ అంటే తిండిలోని శక్తికి కొలత. అంటే ఒక్క అన్నం మీదనే 2,100 కాలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ఒక రోజు తిండికి నమూనా ప్రకటించారు. అందులో మొత్తం తిండే 2,000 కాలరీలు. ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, కాస్త పాలు, పండు, నూనె. మనం దీన్ని తలకిందులుగా తింటున్నాం.

అన్నం మానేయమని నేననను. గోదావరి గట్టున పుట్టినవాడు అన్నం వారంరోజులు మానగలడు. ఎనిమిదోరోజున రెండింతలు తింటాడు. అందుచేత వారానికి 50 గ్రాముల చొప్పున తగ్గిస్తూ, 5 వారాలకు 350 గ్రాములకు రమ్మన్నాను. అతడి భార్య కూడ బరువు మనిషే. ఆమె 450 నుంచి 300కు వచ్చింది. ఇద్దరిమీదా రోజుకు 400 గ్రాములు, నెలకు 12 కిలోల బియ్యం మిగిలింది. కిలో 50 రూపాయల లెక్కన 600 రూపాయలు. పెసలు, అలసందలు కిలో 110 వేసుకున్నా, ఆ డబ్బుతో 5 కిలోలు వస్తాయి. యిద్దరికీ రోజుకు 85 గ్రాముల చొప్పున నెలకు సరిపోతాయి. ధరలు మీ వూరివి వేసుకోండి. పప్పంటే పప్పునీళ్ళు కాదు సుమా, గరిట నిలబడాలి. అలా తింటేనే ఆకలి ఆగుతుంది.

యింతలో అతడి తల్లి నాకు ఎదురుపడి, "ఏమండీ బాబూ, మావాడి కంచంలో అన్నం తీయించేస్తున్నారట, మేమేం పాపం చేశామండీ?" అని నిలదీసింది. మన వైపు మారు వడ్డించకపోతే మర్యాద తక్కువ గదా! నేను ఆవిడకొక్కటే చెప్పాను: ముందు కంచంలో కూర, పప్పు వడ్డించండి, మిగిలిన జాగాలో అన్నం పెట్టండి, మారు అడిగితే కూరే వేయండి. "ఆయ్, అలాగయితే సరేనండి," అంది.

కూర ఎక్కడినుంచి వస్తుందంటారా? తోటకూర, పొన్నగంటి, మునగాకు పెరట్లోనే వుంటాయి. ఆనప, బీర పాదులకు చారెడు చోటు చాలు. గెల కోసిన తర్వాత అరటిబోదె నరికి పారేస్తున్నాం. లోపలి దూట తరిగి పెసరపప్పుతో వండి చూడండి. గట్టుమీది ఆకుకూర కోసేముందు ఆ గట్టుకు కలుపుమందు కొట్టారేమో అడిగి తెలుసుకోండి, కొడితే ముట్టవద్దు. కోనసీమలో వుంటూ కొబ్బరి లేకుండా వండమంటే ఎవరు వింటారు గాని, పచ్చికొబ్బరిలో సుమారు మూడోవంతు కొవ్వే, చిటికెడు చాలు. పులస మాట ఎత్తకండి. పరిగెలు, జెల్లలు పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. కోడిగుడ్డు ఉడకబెట్టుకోండి. నూనె నలుగురికీ నెలకు 3 కిలోలు దాటుతున్నదంటే ఎక్కువ వాడుతున్నట్టే.

కొందరు బియ్యం మానేసి చిరుధాన్యాలు ఖరీదుపెట్టి కొంటున్నారు. మంచివే, పీచు వుంటుంది. కాని కొలత తగ్గించకుండా ధాన్యం ఒక్కటే మార్చితే కాలరీలు పెద్దగా తగ్గవు. డబ్బు మాత్రం తగ్గుతుంది. టీ సంగతి చూడండి: రోజుకు 5 కప్పులు, కప్పుకు 2 చెంచాల పంచదార, నెలకు కిలోన్నర! దానికి డబ్బెందుకు పోయాలి?

యిక నా పని మాట. దాళ్వా కోసిన చేలో పెసర, మినుము వేస్తాం, కల్లంలోనే అన్నీ అమ్మేస్తాం, శ్రావణంలో అవే పెసలు కొట్లో కొంటాం. యింటికి కావలసినవి ముందు తీసి, బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోసుకున్న తర్వాతనే అమ్మండి. వరిగట్లు వూరికే వుంటున్నాయి. వాటిమీద కంది పెట్టండి.

పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, బక్కగా వున్నవారికి యీ తగ్గింపు వద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం తగ్గించవద్దు. షుగరు ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. వారానికి అరకిలో తగ్గితే చాలు, తొందరపడవద్దు.

మా కౌలురైతు 5 నెలల్లో 79కి వచ్చాడు. సంక్రాంతికి అరిసెలతో ఒక కిలో పెరిగింది, మళ్ళీ తగ్గాడు. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు గాని, గట్టు దిగుతున్నాడు. ఈసారి ఎరువు డబ్బు భార్య దగ్గర దాచాడట. కంది గింజలకు ముందుగానే వచ్చి అడిగి వెళ్ళాడు. మీకూ కావాలంటే నారుమళ్ళు పోసే రోజుల్లోనే మీ రైతు సేవా కేంద్రంలో అడగండి.