ఇంటి చిత్రమాలికలు

పెండ్లి జరిగిన ఇంటికి పోయినవారికి పెండ్లి ఆల్బము చూపుట మన మర్యాదలలో నొకటి. నల్లని దళసరి పుటలు, వాని నడుమ సాలెగూటి అచ్చు గల పలుచని కాగితము. ఒక్కొక్క పుటను త్రిప్పుచు ఆ యింటి ఇల్లాలు, “ఈమె మా చిన్నత్త, ఈయన అల్లుని మేనమామ” అని చెప్పుచుండెడిది. చిత్రము, దాని వెంట మాట, ఈ రెండును కలిసినపుడే ఆ ఆల్బమునకు ప్రాణము వచ్చెడిది. నేడా ఆల్బము చేతిలోని ఫోనులోనికి వచ్చినది. పుట త్రిప్పు చేయి లేదు, వివరించు నోరు లేదు. ఆ రెండింటి స్థానమున ఒక పాట వచ్చి కూర్చున్నది.

చిత్తూరు జిల్లాలోని ఐరాలవంటి ఊరిలో ఒక చెవులు కుట్టు వేడుక జరిగినదనుకొందము. సాయంకాలమునకే ఇంటి కుఱ్ఱవాడొకడు నలువది ఛాయాచిత్రములను ఏరి, వరుసగా కూర్చి, వానిక్రింద ఒక సినిమా పాట చేర్చి బంధువులందరికి పంపును. బెంగుళూరులో ఉద్యోగము చేయు అన్నయు, మద్రాసులో కాపురమున్న అక్కయు, కువైట్ దేశములో నున్న బావయు దానిని చూతురు. అందరు నొక నమస్కారపు గుర్తు పంపుదురు. అంతటితో సరి. బాగున్నదని యన్నవారును ఏమి బాగున్నదో చెప్పరు. విసుగు పుట్టినవారును ఎందుకు పుట్టినదో చెప్పరు. మరునాటికి మరియొక మాలిక వచ్చును, మొదటిది మరుగున పడును. ఇట్టి చిత్రమాలికలను కూర్చుట యెట్లు, చూచుట యెట్లు, చూచిన పిదప మాటాడుట యెట్లు అనునదే నేటి నా ప్రసంగ విషయము.

ఈ కళ మనకు క్రొత్త కాదు. తెరవెనుక దీపముంచి, తోలుబొమ్మలాడించి, హార్మోనియము, మద్దెల, తాళములతో కథ నడిపించుట రాయలసీమకు తరతరములుగా తెలిసిన విద్యయే. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో నేటికిని ఆ కుటుంబము లున్నవి. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. బొమ్మలాటగాడు రాముని బొమ్మను తెరపై నిలిపినంతనే పద్యము మొదలగును. యుద్ధము వచ్చినపుడు కాలిక్రింది చెక్కలు మ్రోగును. ఏ బొమ్మకు ఏ ధ్వని తగునో అతనికి తెలియును. జుట్టు పోలిగాడును బంగారక్కయు వచ్చునపుడు రాగము మాని మాటకు దిగును.

పాశ్చాత్యదేశములలో గాజుపలకపై వ్రాసిన బొమ్మను దీపకాంతితో గోడపై చూపు యంత్రమును హాలండు దేశపు శాస్త్రవేత్త క్రిస్టియన్ హైగెన్స్ 1659 ప్రాంతమున రూపొందించెను. ఆ మాయాదీపము మన దేశమునకు వచ్చిన పిదప, కల్యాణ్ పట్టణమునకు చెందిన మహదేవ పట్వర్ధన్ 1892లో ‘శాంబరిక్ ఖరోలికా’ అను పేర ప్రదర్శనలు ప్రారంభించెను. చేతితో రంగులు వేసిన గాజుబొమ్మలు, వానికి తోడు కథనము, సంగీతము. ఫాల్కే గారి ‘రాజా హరిశ్చంద్ర’ 1913లో వెలువడుటకు ఇరువదియొక్క సంవత్సరములు ముందటి మాట యిది. తరువాత 1936లో కొడాక్రోమ్ రంగుల స్లైడులును, 1961లో ఎనుబది స్లైడులు పట్టు గుండ్రని పళ్ళెము గల కారౌసెల్ ప్రొజెక్టరును వచ్చినవి. కొడాక్ సంస్థ 2004లో ఆ ప్రొజెక్టరుల తయారీని, 2009లో కొడాక్రోమ్ ఫిల్మును నిలిపివేసినది. యంత్రము పోయినది గాని, చీకటిలో నలుగురు కూర్చుండి ఒక్కొక్క చిత్రమునే చూచుకొను కోరిక పోలేదు. అది కంప్యూటరునకు, అటనుండి ఫోనునకు మారినది.

కదలని చిత్రములతో కదలిక పుట్టింపవచ్చునా యని కొందరు సందేహింతురు. కెనడా జాతీయ ఫిల్ము సంస్థ 1957లో ‘సిటీ ఆఫ్ గోల్డ్’ అను చిన్న చిత్రమును నిర్మించినది. 1898 ప్రాంతమున బంగారమునకై జనము విరుగబడిన డాసన్ అను ఊరి పాత ఛాయాచిత్రములే దానికి ముడిసరకు. కెమెరా వానిమీద మెల్లగా జరుగుచుండగా, ఆ ఊరిలోనే పెరిగిన రచయిత పియరీ బెర్టన్ కథ చెప్పును. ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెతే’ చిత్రము ఇరువది యెనిమిది నిమిషములు నడచును. అందు ఒక్క క్షణము తప్ప తక్కినదంతయు నిశ్చలచిత్రములే. నిద్రించు స్త్రీ కన్నులు తెరచు ఆ యొక్క క్షణమున చూపరికి గుండె ఝల్లుమనును. అంతవరకు కదలికను దాచియుంచిన పొదుపే ఆ బలమునకు కారణము. మన మాలికలలో ప్రతి చిత్రమును గిఱ్ఱున తిరుగును, పువ్వువలె విచ్చుకొనును, ముక్కలై రాలును. అన్నియు అట్లే యగుటచే ఏదియు మనసున నిలువదు.

ఇక కొలత సంగతి. సంగీతమున్నచోట తాళమున్నది. ఆదితాళమునకు ఎనిమిది క్రియలు. నిమిషమునకు 80 క్రియల నడకలో పాడినచో ఒక ఆవర్తనము ఆరు సెకనులలో ముగియును. నాలుగు నిమిషముల పాటలో నలువది ఆవర్తనములు. ఆవర్తనమునకొక చిత్రము చొప్పున నలువది చిత్రములు సరిపోవును. చిత్రము సమమున మారినచో కన్నును చెవియు ఒక్క అడుగు వేయును. తాళముతో పొత్తు లేక మారినచో చూపరికి కారణము తెలియకయే చికాకు పుట్టును. అయితే అన్నింటికి ఒకే కొలత వేయుటయు తగదు. ఒక ముఖము మాత్రమే యున్న చిత్రమునకు ఒక్క ఆవర్తనము చాలును. ఏబది మంది బంధువులు నిలిచిన చిత్రమునకు రెండు కావలెను. ఏలయన ప్రతివాడును మొదట తన్ను తాను వెదకుకొనును, పిమ్మటనే తక్కినవారిని చూచును.

ఒక ఉదాహరణ మూహింతము. ఐరాల మండలములోనిదే కాణిపాకము. బాహుదానది యొడ్డున వెలసిన వినాయకునికి చవితినాడు మొదలిడి ఇరువదియొక్క దినములు బ్రహ్మోత్సవములు జరుగును. ఒక పడుచువాడు ఆ యుత్సవములకు పోయి వచ్చి మాలిక కూర్చినాడు. అందు గోపురము ఆరుసార్లున్నది. మూషికవాహనము మూడు ప్రక్కలనుండి మూడుసార్లున్నది. రథము ముందు తాను నిలుచుండి తీసికొన్న చిత్రములు పదునొకండు. క్రింద వచ్చు పాట ప్రేయసీప్రియుల విరహగీతము. రాగము బాగున్నదని చేర్చినాడు. దీనిని చూచిన పెదనాన్న యేమనవలెను? “బాగుందిరా అబ్బాయీ” అని యూరకుండుట సులువు. “ఏంది రా యిది, భక్తి లేదా?” అని గద్దించుటయు సులువే. రెండింటివలనను ఆ పిల్లవానికి ప్రయోజనము లేదు.

అతనికి ప్రయోజనము కలిగించు మాట వేరు. “గోపురము మొదట ఒకమారు చూపినావు, ఊరికి వచ్చితిమని తెలిసినది. తక్కిన అయిదును తీసివేసినచో ఏమి పోవును?” అని యడుగవలెను. “రథపు మోకు లాగువారి చేతులొక చిత్రమున కనబడుచున్నవి, అన్నింటిలో అదియే నాకు నచ్చినది, దానిని రెండు సెకనులకే తీసివేసితివేల?” అని యడుగవలెను. “ఆ రాత్రి నీవు విన్నది నాగస్వరము గదా, అది యేది?” అని యడుగవలెను. ఇట్టి ప్రశ్నలు విన్నవాడు చిన్నబుచ్చుకొనడు. రాత్రికి రాత్రియే కూర్చుండి మాలికను దిద్దుకొనును.

విమర్శకు మనవారు వెరచుట చూడగా నాకు వింత తోచును. మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళకడ భారతము జరుగునపుడు, పగలు హరికథయు రాత్రి వీధినాటకమును నడచును. అర్జునుడు తపసు మాను ఎక్కునాడు ఊరంతయు మానుక్రిందనే యుండును. పద్యము తప్పినచో ముందువరుసలోని ముసలివాడు అందించును. రాగము చక్కగా సాగినచో ‘వన్స్ మోర్’ అని కేక వేయును. అక్కడ కథ ఎల్లరకు తెలిసినదే. కావుననే చెప్పినతీరు బాగున్నదో లేదో చెప్పగలుగుచున్నారు. ఇంటి చిత్రమాలికకును ఇదే వర్తించును. అందలి కథ ఆ యింటివారందరికి తెలిసినదే. వారికన్న అర్హులైన విమర్శకులు వేరెక్కడ దొరకుదురు?

అయితే ఇందు కొన్ని నియమములు కావలెను. మొదటిది, మాలిక పూర్తియగువరకు నడుమ మాటాడరాదు. రెండవది, దోషము చెప్పుటకు ముందు తాను చూచినదేమో చెప్పవలెను; కూర్చినవాడు చూపదలచినదానికిని, చూపరికి కనబడినదానికిని గల దూరము అప్పుడు తేలును. మూడవది, కూర్పును గూర్చి మాటాడవలెను గాని చిత్రములోనివారి ఒడ్డు పొడుగులను, చీరసారెలను గూర్చి కాదు. నాలుగవది, చిత్రములోనున్నవారు తమ చిత్రమును తీసివేయుమన్నచో మారుమాట లేక తీసివేయవలెను. ఆడపిల్లల చిత్రములను, రోగశయ్యపై నున్న పెద్దల చిత్రములను వారి యనుమతి లేక పదుగురికి పంపుట వేడుక కాదు, అపచారము.

పాట విషయమున మరియొక మాట. 1957 నాటి కాపీరైటు చట్టము పెండ్లియూరేగింపులలోను, దైవకార్యములలోను పాటలు వినిపించుటకు మినహాయింపు నిచ్చినది. ఇతరుల పాటను మన చిత్రములకు జతచేసి లోకమంతయు చూచునట్లు పెట్టుట ఆ మినహాయింపులోనికి రాదు. చట్టమటుండగా, సినిమా పాటకు తన సొంత కథ యొకటి కలదు. అది వినబడినంతనే చూపరి కన్నులయెదుట సినిమాలోని నాయిక నిలుచును గాని, మన యింటి పెండ్లికూతురు నిలువదు.

రేడియో వినువారికి ధ్వనియొక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు. చిత్రమే లేకుండ, ఒక గొంతుకతో, ఒక తలుపు చప్పుడుతో ఇల్లంతయు కన్నులకు కట్టుట మీరెరుగుదురు. ఆ చెవితోనే చిత్రమాలికను పరీక్షింపుడు. పెండ్లినాడు మ్రోగిన మేళమును ఫోనులోనే పట్టియుంచవచ్చును. ఊరి చెక్కభజనను పట్టియుంచవచ్చును. ఇంటి ఆడువారు పాడిన మంగళహారతిని పట్టియుంచవచ్చును. శ్రుతి కొంచెము తప్పినను అది ఆ యింటి శ్రుతియే. అక్కడక్కడ ఏ పాటయు లేక మౌనముగా విడుచుటయు నేర్వవలెను. చనిపోయినవారి చిత్రమువద్ద వాద్యముల జోరుకన్న రెండు క్షణముల మౌనము ఎక్కువ చెప్పును.

అన్నింటికంటె ముఖ్యమైన ధ్వని వేరొకటి కలదు. ఇంట వృద్ధురాలైన అవ్వ యున్నది. పాత చిత్రమొకటి ఆమె చేతికిచ్చి, “అవ్వా, వీళ్ళెవరు?” అని యడుగుడు. ఆమె మొదట తన యక్కను చూపును. ఆ యక్క ఏ యూరికి కాపురమునకు పోయినదో చెప్పును. ప్రక్కన తల వంచుకొని నిలిచిన పనిమనిషి పేరు చెప్పును. వెనుక కనబడు గానుగ ఎవరిదో, ఆ యేడు బెల్లము ఎట్లు కుదిరినదో చెప్పును. ఆ మాటలను పట్టియుంచి ఆ చిత్రముక్రింద చేర్చుడు. ‘సిటీ ఆఫ్ గోల్డ్’ చిత్రమునకు బలమిచ్చినది ఆ ఊరివాని మాటయే గదా! సినిమా పాట పదివేల యిండ్లలో దొరకును; అవ్వ మాట ఆ యొక్క యింటనే దొరకును, అదియు కొంతకాలమే. ఆమె పోయిన మరునాడు ఆ చిత్రములోని నలుగురును పేరులేనివారగుదురు. చిత్రము చెడకుండ నూరేండ్లున్నను, అందున్నవారెవరో చెప్పువారు లేనినాడు అది మనదో, సంతలో కొన్నదో తెలియదు.

కావున ప్రతి చిత్రమునకు పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుడు. ఫోనులో సందేశముగా పంపిన చిత్రము సామాన్యముగా కుదించుకొని పోవును. అందుచే మూలప్రతిని వేరుగా దాచుడు. ఒకచోటనే కాక రెండుచోట్ల దాచుడు. మాలికలో ఎవరు లేరో కూడ చూచుకొనుడు. వంటయింట పొగలో నున్నందున చిత్రమునకు అందని పిన్నమ్మ, పందిరి వేసినవాడు, పలక వాయించినవాడు, అందరి చిత్రములు తీయుచు తాను మాత్రము ఎందును పడని మేనల్లుడు. “ఎవరిని మరచితిమి?” అను ప్రశ్నకన్న మేలైన విమర్శ లేదు.

సంక్రాంతికి దూరదేశములనుండి బిడ్డలందరు ఇంటికి వత్తురు. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప ముందరి గోడకు తెల్లని పంచె కట్టుడు. అది కుదరనిచో టెలివిజనుపైననే చూడుడు. ఇంటికొక్క మాలిక, నాలుగు నిమిషములకు మించరాదు. ఒక్కొక్క మాలిక ముగిసిన పిదప ఒకరు నచ్చినదొకటి కారణముతో చెప్పవలెను, మరియొకరు దిద్దదగినదొకటి చెప్పవలెను. పెద్దలు పేర్లు చెప్పుచుండగా పిల్లలలో నొకరు కాగితముపై వ్రాసికొనవలెను. ఖర్చు లేని పని. మరుసటి సంక్రాంతినాటికి మాలికలు మెఱుగగును. ఆ కాగితము మాత్రము ఆ రాత్రినుండియే ఆ యింటి ఆస్తి యగును.