తలాక్ తరువాత ఇంటి అప్పు ఎవరిది?
(గొలుగొండ మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దంపతులిద్దరూ సంతకం చేసి ఇంటి రుణం తీసుకొంటారు. తలాక్ అవుతుంది. కిస్తులు తానే కడతానని జమాత్ పెద్దల ముందు ఒప్పుకొన్న భర్త, కొన్ని నెలలకే మానేస్తాడు. అప్పుడు బ్యాంకు మొత్తం బాకీని భార్యనే అడగవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 43వ సెక్షన్ దానికి ఆ హక్కునిచ్చింది. తలాక్‌నామాలో ఏమి రాసుకొన్నా బ్యాంకుకు పట్టదు.

కాని ఆ రాత భర్తను కట్టివేస్తుంది. అదే సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే బాకీ చెరిసగం. మొత్తం తనదేనని అతడు రాసి ఇచ్చి ఉంటే, మీరు కట్టినదంతా అతని నుంచి రాబట్టుకోవచ్చు. రసీదులు భద్రపరచండి.

90 రోజులు కిస్తు ఆగితే ఖాతా మొండిబాకీల్లో చేరుతుంది. తరువాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. దానికి రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి. బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి.

మహర్ గురించి గంటలు చర్చించే పెద్దలు అప్పు ఊసెత్తరెందుకో! అప్పును రాసుకోమని సూరా బఖరా ఆదేశిస్తుండగా, విడిపోయేటప్పుడు నోటిమాట చాలునా? 1986 చట్టం కింద భర్త ఇద్దత్‌లోగా చేయవలసిన ఏర్పాటు, ఆమె భవిష్యత్తుకూ నివాసానికీ సరిపడేదై ఉండాలని 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన కిస్తులను అందులో చేర్చి అడగండి. ఇల్లు అతనికే పోతే, రుణం నుంచి మీ పేరు తొలగించినట్లు బ్యాంకు కాగితం తీసుకోండి.

ఖర్చుకు వెరవకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, న్యాయవాది ఉచితం. నర్సీపట్నం కోర్టులో అర్జీ ఇవ్వండి.