తల దొరకని రాక్షసబల్లి

కాల్హేర్, భివండీ మరమగ్గాల వాడల్లోని తెలుగు పిల్లలూ, రాక్షసబల్లుల్ని వెతికి పట్టుకునే బొమ్మల పుస్తకాలు మీకిష్టమే కదా! ఆ ఆట మన నేలమీద నిజంగానే జరిగింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 840 ఎముకలు ఏరారు. కనీసం 12 జంతువులవి, కలగాపులగంగా! పుర్రె మాత్రం దొరకలేదు. చెంచాల్లాంటి పళ్లు రెండు దొరికాయి. చూశారా, ఆకులు తినే జంతువని చెప్పడానికి అవీ పనికొచ్చాయి. 1988లో శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి దానికి కోటాసారస్ అని పేరుపెట్టారు. పొడవు దాదాపు 9 మీటర్లు. ఆ పేరులోని కోట అనే ఊరు మన మహారాష్ట్రలోనే, సిరొంచ వైపు ఉంది. అమ్మానాన్నలూ, సెలవులకు ఊరెళ్తే పిల్లలకు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అస్థిపంజరాన్ని తప్పక చూపించండి. దాని తల శాస్త్రజ్ఞులు ఊహించి చేసిందే.