మన పిల్లలు ఏ పక్షమున ఆడవలెను?

(మన సంఘ వార్షిక క్రీడోత్సవమున బళ్లారిలో అధ్యక్షులు గావించిన ప్రసంగ పాఠము)



మేము పత్తి, వేరుసెనగ బేరములు చేసికొనువారము. పదవ తరగతితో మా చదువు ముగిసినది. ఆటలను గూర్చి ఉపన్యసించుటకు మాకేమి అర్హత యని మీరడుగవచ్చును. అర్హత లేదు గాని అవసరము కలిగినది. గత మాసమున కార్యవర్గ సమావేశములో ఒక ప్రశ్న పుట్టి, రాత్రి పది గంటల వరకు తెగక, నేటికిని మన వీధులలో నలుగుచున్నది. దానిని మీ యెదుట పెట్టుట మా విధియని తలచితిమి.

సంఘ భవనము వెనుకనున్న ఖాళీ స్థలములో రెండు అంగళ్లు కట్టి బాడుగ కిచ్చుటయా, పిల్లలకు బాస్కెట్‌బాలు ఆటస్థలము వేయించుటయా? ఇదియే ఆ ప్రశ్న. బాడుగ లెక్కలు మాకును తెలియును, వర్తకులము గదా! అయితే ఆనాడు అంగళ్ల పక్షమున మాట్లాడిన పెద్దలొకరు బాడుగ మాటయే యెత్తలేదు. "మన డబ్బుతో మన పిల్లలకు ఆట నేర్పించి కర్ణాటక జట్టుకు అప్పగించవలెనా?" అని అడిగిరి. ఆ మాట మాకు ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు.

వారిని తప్పుపట్టుటకు మేము సాహసింపము. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్లారి తాలూకా ఎవరిదను విషయమున న్యాయమూర్తి మిశ్రా గారు విచారణ జరిపిన పిమ్మట అది మైసూరున చేరినది. మా యింటనే ఒక మేనత్త అటును, తక్కినవారు ఇటును మిగిలిరి. ఆనాడు పసివారుగా నుండి ఇంటిలో పెద్దల కంట నీరు చూచినవారికి "కర్ణాటక జట్టు" అను మాట నేటికిని ముల్లువలె తగులుట సహజమే.

ఇక ఆట సంగతి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున విద్యార్థులను గదిలోపల ఆడించుటకై, పండ్ల బుట్టలు రెండు ఎత్తున కొట్టించి దీనిని కల్పించెను. మన దేశమునకు వై.ఎం.సి.ఏ. వారి మూలమున వచ్చినది. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడే ఇందులో పోటీ యుండెను. అయిదు దేశములు మాత్రమే ఆడినవి. ఫిలిప్పీన్సు ప్రథమము, జపాను ద్వితీయము, ఇరాను తృతీయము. మనది నాలుగవ స్థానము, బర్మా మన వెనుక. అదే క్రీడలలో ఫుట్‌బాలున మనకు స్వర్ణపతకము లభించినది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదు రహీము గారని చెప్పుకొనుటకు మనకు సంతోషముగా నుండును. బాస్కెట్‌బాలున చెప్పుకొనుటకు అట్టిది లేకపోయెను.

ఫిలిప్పీన్సువారి కథ మనము వినదగినది. ఆ ద్వీపములలో నూరుకు పైగా భాషలు కలవు. మనుష్యులు సామాన్యముగా పొడగరులు కారు. పది అడుగుల యెత్తున నున్న వలయములో బంతి వేయవలసిన ఆటకు పొట్టివారు తగరని ఎవరైనను అందురు. కాని వారు వాడవాడలను, చర్చి ముంగిళ్లలోను, బాట ప్రక్కలను వలయములు కట్టుకొనిరి. 1951, 1954, 1958, 1962 సంవత్సరములలో వరుసగా నాలుగు మారులు ఆసియా స్వర్ణమును గెలిచిరి. 1954లో ప్రపంచ పోటీలోనే మూడవవారైరి. ఆ పిమ్మట ఏమైనదో గాని, అరువది యొక్క సంవత్సరములు ఆసియా క్రీడలలో ఆ స్వర్ణము వారికి దక్కలేదు. అయినను వలయములను ఊడబెరికి ఆ చోట్ల అంగళ్లు కట్టుకొనలేదు!

2022లో జరుగవలసి 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన క్రీడలలో వారు మొదట జోర్డాను చేతిలో ఓడిరి. పిదప చైనాతో, చైనాలోనే, ఉపాంత్యపు పోటీ. చాల వెనుకబడియుండి 77కు 76గా, ఒక్క పాయింటుతో గెలిచిరి. తుది ఘడియలలో దూరమునుండి బంతి వేసి గెలిపించిన బ్రౌన్లీ అనువాడు అమెరికాలో పుట్టినవాడు. అక్కడి లీగులో ఏండ్ల తరబడి ఆడుచుండగా, ఆ సంవత్సరమే ఫిలిప్పీన్సు ప్రభుత్వము అతనికొరకు ప్రత్యేక శాసనము చేసి పౌరసత్వ మిచ్చినది. అంత్యమున అదే జోర్డానును 70కి 60గా ఓడించి స్వర్ణము తెచ్చుకొనిరి. ఆ దినమున వీధులలో పండుగ చేసికొన్నవారు అతని మాతృభాష యేదని అడిగియుందురా?

అంత దూర మేల? 2017 జూలైలో మన బెంగళూరు కంఠీరవ క్రీడామందిరమున ఆసియా మహిళల పోటీలో, రెండవ విభాగపు అంత్యమున, భారత జట్టు కజక్‌స్తానును 75కు 73గా ఓడించి పై విభాగమునకు చేరినది. నాయకురాలు అనితా పాల్‌దురై తమిళ సోదరి. జట్టులో మలయాళీ జీనా, పూనా షిరీన్ లిమయే. చప్పట్లు కొట్టినవారిలో కన్నడిగు లెందరో. మన బళ్లారి రాఘవ గారు తెలుగు నాటకమునకు ఎంత ప్రాణమైనను, కన్నడ నాటకమున వేషము కట్టుటకు వెనుదీయలేదు. అందువలన వారి తెలుగు తరిగినదని ఎవరును అనలేదు.

ఇప్పుడు మా స్వానుభవ మొకటి. మన వీధి అమ్మాయి యొకతె, పేరు చెప్పము, సిగ్గుపడును, పాఠశాలల అంతర్రాష్ట్ర పోటీకి కర్ణాటక జట్టున ఎంపికైనది. తండ్రి తోడు రమ్మనగా మేమును వెళ్లితిమి. ఎదుటి జట్టు ఆంధ్రప్రదేశ్! ప్రక్క వరుసలో ఆ పిల్లల తల్లిదండ్రులు తెలుగులో కేకలు వేయుచున్నారు, మనవలెనే. ఆ తండ్రి మా చెవిలో, "అన్నా, మనము ఎవరికి చప్పట్లు కొట్టేది?" అనెను. మాకు సమాధానము తోచలేదు. ఇద్దరమును చేతులు ఒడిలో పెట్టుకొని, కచేరీలో సాక్షులవలె కూర్చుంటిమి. సగము ఆట ముగిసి విరామమున ఆ పిల్ల నీళ్లు త్రాగుటకు మా యొద్దకు వచ్చి, "పెదనాయనా, ఏమి ఊరకే కూర్చున్నారు? బంతి నా చేతికి వచ్చినప్పుడైనా కొట్టండి" అన్నది. చెప్పినట్లే కొట్టితిమి. కొంత సేపటికి ఎదుటి పిల్ల యొకతె చక్కగా బంతి వేయగా చేతులు వాటంతట అవియే కలిసినవి. మన జట్టు ఓడినది. ఆట ముగిసిన పిమ్మట మన పిల్లయు ఆ పిల్లలును ఒకే బల్లమీద కూర్చుండి తెలుగులో ఏమేమో చెప్పుకొని నవ్వుచుండిరి. తక్కిన కర్ణాటక పిల్లలకు మన పిల్లయే కన్నడములో దానిని వివరించుచుండెను. ఆ రెండు భాషలను అంత సులువుగా మార్చి మాట్లాడుట ఆ చోట ఇంకెవరికిని చేతకాలేదు.

కావున పెద్దల ప్రశ్నకు మా జవాబు: అవును, అప్పగింతము. పుట్టినింట తెలుగు నేర్పి, ఉన్న రాష్ట్రపు జట్టున ఆడింతము. ప్రక్క వీధి కన్నడ పిల్లలు వచ్చినను ద్వారము తెరచియే యుంచుదము.

స్థలము చాలదను మాట యుక్తమైనదే. పూర్తి ఆటస్థలమునకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావలెను. మన పెరడు అంత లేదు. అయితే పక్షమునకు ముగ్గురు చొప్పున, ఒకే వలయముతో, సగము స్థలములో ఆడు పద్ధతి యొకటి కలదు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో అదియు చేరినది. దానికి 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు చాలును. నిన్న ఉదయము టేపు పట్టి కొలిపించితిమి. మూలనున్న వేపచెట్టును కొట్టకయే సరిపోవుచున్నది.

ఇనుప స్తంభము, బల్ల, వలయము మేమిచ్చెదము. నేలకు సిమెంటు ఎవరిత్తురో బహుమాన ప్రదానము ముగియులోపల కార్యదర్శి గారికి చెప్పగోరెదము. అంగళ్లు కావలెనన్న పెద్దలు ముందు వరుసలోనే యున్నారు, వారితో మొదలుపెట్టుదము.