ఒకే కుంచము, ఏడు పనులు



మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములందు ఒకప్పుడు ధాన్యమును మానికతోను, కుంచముతోను కొలిచెడివారు. ఒక ఊరి కుంచము వేఱొక ఊరి కుంచముతో సరిపడనిచో బేరమునకు బదులు తగవు పుట్టెడిది. 1956 లో చేయబడిన శాసనముచే దేశమంతటికి మెట్రికు కొలతలు నిర్ణయింపబడి, 1958 అక్టోబరు నుండి క్రమముగా అమలునకు వచ్చినవి. కొలత ఒకటియగుట మేలే. కాని ఆ ఉమ్మడి కొలతను ఒకడు తన యవసరమునకై దిద్దినచో అందఱి గాదెలును తారుమారగును గదా! ఈ సంగతిని నాకు కంప్యూటరు నేర్పినది.

కొంతకాలము క్రిందట నేనొక కార్యాలయమున గ్రామములలోని పనుల లెక్కలు చూచుచుంటిని. చెఱువుగట్లు, మదుములు, బడిగదులు కలిపి ఏడు పనులు. వీని నడకను కంప్యూటరులోని యొక సాఫ్ట్‌వేరు చూపుచుండెను. అందు ఒక్కొక్క పనిని 'ప్రాజెక్టు' అందురు. పని ఏయే మెట్లు దాటవలెను, ఎవరు ఒప్పవలెను, ఎవరికి కబురు పోవలెను అను నియమములను 'సెట్టింగులు' అందురు. వీనిని ఏడుమార్లు వ్రాయుట వృథాశ్రమ యని తలచి, ఒకే నియమముల కట్టను ఏడింటికిని తగిలించితిమి. ఆస్ట్రేలియాలో 2002 లో పుట్టిన జిరా అను సాఫ్ట్‌వేరునందును ఇట్టి యేర్పాటు కలదు. అందు ఈ కట్టను 'స్కీము' అందురు.

ఒక బడిగది పనిని త్వరగా ముగింపవలసి వచ్చినది. 'కొలతలు సరిచూచిన పిమ్మటనే ముగింపు' అను మెట్టును నేను తీసివేసితిని. అది ఆ బడికి మాత్రమే యని నా తలంపు. నిజమునకు ఏడింటనుండియు ఆ మెట్టు పోయినది. ఒక చెఱువుగట్టు పని కొలువకయే ముగిసినట్లు నమోదయ్యెను. శ్రావణమాసపు వానలకు మదుము ప్రక్క గండి పడి, అప్పుడే ఉభాలు ముగిసిన మళ్లలో ఇసుక మేట వేసినది. ఆ ఊరి పెద్ద యొకరు వచ్చి, "బాబూ, ఆ గట్టును కొలిచినదెవరు?" అని యడిగిరి. నాయొద్ద జవాబు లేకపోయెను.

ఆ సాయంకాలమే ఆ మెట్టును తిరిగి చేర్చితిని. గండి పూడ్చుటకు మాత్రము పదునైదు దినములు పట్టినది.

నేను నేర్చినవి మూడు. ఉమ్మడి నియమమును ముట్టుటకు ముందు, ఎన్ని పనులు దానిపై ఆధారపడియున్నవో చూడవలెను. ఒక పనికి వేఱు నియమము కావలసినచో, అసలును దిద్దక, నకలు తీసి, వేఱు పేరు పెట్టి, ఆ పనికి మాత్రమే తగిలింపవలెను. అప్పుడు నకలులోని మార్పు అసలునకు అంటదు. అట్లని నకళ్లను పెంచరాదు. ఏడు నకళ్లున్నచో ఒక మంచి మార్పును ఏడుచోట్ల వ్రాయవలెను. ఎక్కడనో ఒకచోట మఱపు తప్పదు.

నేడు గ్రామపు పనులనేకము కంప్యూటరులో నమోదగుచున్నవి. మీ ఊరి పనిని గూర్చి అడుగునపుడు, "సొమ్మెంత?" అని మాత్రమే కాక, "కొలిచినదెవరు? కొలుచు నియమమును మార్చినదెవరు?" అనియు అడుగుడు. ఏడిళ్లకు ఒకే కుంచముండుట మంచిదే. దానిని దిద్దవలసినపుడు మాత్రము ఏడిళ్లవారిని పిలిచి, వారి యెదుటనే దిద్దవలెను.