పారబోసే ముందు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఈ హాల్లో కూర్చున్న పట్టభద్రుల్లో అనంతపురం, చిత్తూరు, కర్నూలు పిల్లలు చాలామంది ఉన్నారని చెప్పారు. అందుకే మన మాటలోనే ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను.

నా పరిశోధన ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైముతో మొదలైంది. చర్మానికీ ఎముకకూ బలమిచ్చే కొల్లాజెన్‌లో ప్రోలిన్‌కు హైడ్రాక్సిల్ తగిలించడం దాని పని. ఆ పని జరగకపోతే మూడు పేటల కొల్లాజెన్ తాడు సుమారు 24 డిగ్రీల దగ్గరే విడిపోతుంది. మన ఒంటి వేడి 37. ఎంజైము పనిచేస్తూ ఉండాలంటే ఇనుము, విటమిన్ సి కావాలి. స్కర్వీ రోగికి చిగుళ్లు నెత్తురోడటానికీ, మానిన గాయం మళ్లీ నోరు తెరవడానికీ మూలం ఇక్కడుంది.

కోడి పిండాల రసంలో, వేల ప్రోటీన్ల మధ్య నుంచి ఈ ఒక్కదాన్ని పట్టుకోవాలి. 1975లో ఫిన్లాండ్‌లోని ఔలులో కివిరిక్కో బృందం అందుకు చక్కని పద్ధతి ప్రచురించింది. అగరోజ్ పూసలకు పాలీప్రోలిన్ గొలుసులు కట్టారు. ఎంజైము ఆ గొలుసును పట్టుకుంటుంది గానీ మార్చలేదు. మిగతావి కిందికి జారిపోతాయి. తర్వాత పొట్టి పాలీప్రోలిన్ పోస్తే ఎంజైము పూసను వదిలి దాని వెంట దిగి వస్తుంది.

నేనూ ఆ పూసలతో కాలమ్ కట్టాను. 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో స్వెట్టర్ వేసుకుని, చుక్క చుక్క లెక్కబెడుతూ రాత్రంతా కూర్చున్నాను. పూసలకు అంటకుండా మొదట కారిన ద్రవాన్ని, అంటే ఫ్లోత్రూను, సింకులో పోసేశాను. తెల్లారి పరీక్షిస్తే తర్వాత పట్టిన ఫ్రాక్షన్లలో ఉండాల్సినంత ఎంజైము లేదు. పూసలు పట్టుకోలేదా? ఎంజైమే పాడైందా? జవాబు చెప్పగలిగిన ద్రవం కాలువలో కలిసిపోయింది. మా గురువుగారు కోప్పడలేదు. “కావలసింది చేతికి చిక్కేదాకా ఏదీ పారబోయకమ్మా” అన్నారు. రెండోసారి దాచి చూశాను. ఎంజైములో చాలా భాగం ఫ్లోత్రూలోనే ఉంది! పూసలు మోయగలిగినదానికన్నా ఎక్కువ రసం పోశానన్నమాట. మూడోసారి సగమే పోశాను. పట్టుకుంది.

ఇప్పుడు మీ సంగతి. ప్రాజెక్టు వైవాలకు వెళ్తుంటాను. “ఫ్లోత్రూ ఏది నాన్నా?” అంటే “పారబోశాం మేడమ్” అంటారు. ఎందుకంటే, కిట్‌లో అలా రాసుందట! ఏమిటర్రా ఆ తొందర? మన ఊళ్లలో బియ్యం కడిగిన నీళ్లు కూడా కుడితి తొట్లోకి వెళ్లేవి కదా. అమ్మకున్న ఆ జాగ్రత్త డిగ్రీ చేతికొచ్చిన మీకు లేకపోతే నాకు దిగులుగా ఉంటుంది.

ఇదే కొల్లాజెన్ మీద 1954, 55లలో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా మూడు పేటల నిర్మాణం ప్రతిపాదించారు. అందులో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను రామచంద్రన్ కూడా పారబోయలేదు. పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవో అప్పటికి తెలిసిన నిర్మాణాలు తిరగేసి తేల్చారు. ఆ లెక్కల్లోంచే 1963లో, రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఆయన ప్రచురించిన, మీరందరూ పరీక్షల్లో గీసిన రామచంద్రన్ ప్లాట్ వచ్చింది. తర్వాత ఆయన ఈ ఊరికే వచ్చి ఐఐఎస్‌సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ నెలకొల్పారు. బస్సెక్కితే చేరగలిగిన దూరం. ఒక్కసారైనా వెళ్లి చూడండి.

రేపు ఏ ల్యాబులో చేరినా మొదటిరోజే ఒక మార్కర్ పెన్ను కొనుక్కోండి. కాలమ్ కింద మొదట నిండిన గొట్టం మీద తేదీ, మీ పేరు, ‘ఫ్లోత్రూ’ అని రాసి ఐసులో పెట్టండి. పరీక్షించాకే పారబోయండి. పిల్లలూ, మీకు శుభం కలగాలి.