కుండీ నిండిన వేళ్లు
(ప్లాటినం జూబిలీ సభలో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



సభకు వచ్చేటప్పుడు మెట్ల ప్రక్కనున్న రబ్బరు మొక్కను మీలో కొందరు గుర్తుపట్టియుందురు. 10వ తరగతి విద్యార్థులు వీడ్కోలు నాడు బహూకరించిన మొక్క అది. గత వేసవిలో దానిని పారవేయవలసినదేనని అందరూ అనుకొన్నారు. క్రింది ఆకులు పసుపుబారి రాలుచున్నవి. ఎంత నీరు పోసినను నిమిషంలో అడుగు రంధ్రం గుండా జారిపోవుచున్నది. ఆ స్థితికి కారకుడను నేనే. 11 ఏండ్లు నీరు పోశాను, ఎరువు వేశాను, కుండీ మాత్రం మార్చలేదు. పిల్లలిచ్చిన మొక్కకు కత్తి తాకించడానికి మనసొప్పలేదు.

పేరు రబ్బరు మొక్కే గాని, టైర్ల రబ్బరుకు పాలిచ్చే చెట్టు వేరు. ఇది మర్రి, రావి కుటుంబానికి చెందినది. మేఘాలయలో ఖాసీలు దీని ఊడలను వాగుల మీదుగా మళ్ళించి సజీవమైన వంతెనలనే పెంచుకొన్నారు. అటువంటి వేరుకు అడుగున్నర కుండీ ఏపాటి? గోడ తగిలిన వేరు చుట్టూ తిరుగుతుంది. క్రమంగా మట్టి తరిగి వేళ్ల ఉండ మిగులుతుంది. నీటిని ప్రధానంగా పీల్చేవి సన్నని వేరు కొసలు. ముదురు చుట్లను తీసివేస్తే కొత్త కొసలకు చోటు దొరుకుతుంది.

మన బరంపురంలో వానలు నిలదొక్కుకొన్న జులైలో 8వ తరగతి పిల్లలతో పని ప్రారంభించాము. ముందునాడే నీరు పోశాము. కుండీని పడుకోబెట్టి, లోపలి అంచు వెంట పొడవాటి కత్తి త్రిప్పి మొక్కను వెలికితీశాము. స్పిరిటుతో తుడిచిన కత్తితో అడుగునను ప్రక్కలను సుమారు నాలుగవ వంతు వేళ్లను కోశాము. నల్లబడి మెత్తబడినవాటిని పూర్తిగా తీసివేసి, తెల్లని సన్నవేళ్లను వీలైనంతవరకు వదిలాము. కోతల నుండి పాలు కారును. అవి చర్మానికి దురద, కంటికి ప్రమాదం గనుక చేతి తొడుగులు తప్పనిసరి. తగ్గిన వేళ్లు అన్ని ఆకులకు నీరందించలేవు గనుక పైకొమ్మలనూ కొంత కత్తిరించాము. కడిగిన పాత కుండీలోనే, మట్టి జారకుండా రంధ్రం మీద ఒక పెంకు నిలిపి, ఎర్రమట్టి, ఆకుల ఎరువు, ఇసుక సమపాళ్లలో కలిపి నింపాము.

మూడు వారాలు నీడలో ఉంచి, పైమట్టి ఆరినప్పుడే నీరు పోశాము. తొలి 15 రోజులలో తొమ్మిది ఆకులు రాలినవి. ఒక బాలిక, "మాష్టారూ, చంపేశామా?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. కంగారులో యూరియా డబ్బా మీదికి చేయి పోయిన మాటా నిజమే. కోసిన వేళ్లను ఎరువు మాడ్చివేస్తుందని తరగతిలో చెప్పేవాడిని నేనే! ఆగస్టు చివర కొమ్మ కొసన ఎర్రని పొర ఒకటి సూదిలా మొలచింది. నాలుగు రోజులకు అది విడివడగా లోపల లేత ఆకు కనిపించింది. ఆ బాలికయే ముందుగా చూసి నన్ను పిలిచింది.

కత్తిరించిన కొమ్మలను నాటగా ఒకటి బ్రతికి ప్రయోగశాల కిటికీలో ఉన్నది. ఆసక్తి గలవారు చూడవచ్చును. మెట్ల ప్రక్క కుండీకి ఈ ఉదయమే నీరు పోశాము. అభిమానంతో మరల ఎవరూ పోయవద్దని మనవి.